ముఖాల్లేనివాళ్ళు పెట్టిన పేరు

నాకు జబ్బు ఉందని మా ఆయన లక్ష్మీకాంత్ చెప్పిన పూట నేను కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చంటిపిల్లకు మందు పోసేటప్పుడు మాట్లాడేంత మెల్లగా చెప్పాడు.

"భారతీ, ఇందులో నీ తప్పేమీ లేదు. నీ పర్సనాలిటీలోనే ఒక డిజార్డర్ ఉంది. బోర్డర్‌లైన్ అంటారు దాన్ని."

"ఏ డాక్టరు చెప్పినాడు?"

"డాక్టరు కాదు. నెట్‌లో చెప్పినారు."

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. చేతిలోని చేటను గోడకేసి కొట్టాను. పప్పు మంచం కిందికీ, గడప దాకా చెల్లాచెదురైంది. లక్ష్మీకాంత్ ఉలిక్కిపడలేదు, తిట్టలేదు. తనకు ముందే తెలిసిన సంగతి జరిగినట్టు తల ఊపాడు.

"చెప్తే ఇట్లనే రియాక్ట్ అవుతావని కూడా చెప్పినారు" అన్నాడు.

నాకు కోపం ఎక్కువ. దాచుకునేదేముంది? ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయన చిన్నప్పకు రెండు మగ్గాలు. అవి ఆడుతున్నంతసేపూ పక్క గదిలో మనిషికి మాట వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. మా ఇంట్లో అన్నానికి పిలిచినా అరుపే, ముద్దు చేసినా అరుపే. 'బాయిలో పడి సస్తా' అని మా అమ్మ పొద్దుకు పదిసార్లు అనేది. చివరికి ఆమె జ్వరమొచ్చి మంచంలో పోయింది గానీ ఏ బావి వైపూ తొంగి చూడలేదు. లక్ష్మీకాంత్ వాళ్ళది పెనుకొండ, ఉద్యోగాల ఇల్లు. అతనూ హిందూపురంలో ఒక కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని చేస్తాడు. వాళ్ళ ఇంట్లో కోపమొస్తే తలుపు మెల్లగా వేసుకుంటారు. నేను అరిచి గంటకు మరిచిపోయేదాన్ని, అతను అరవకుండా నెలంతా గుర్తు పెట్టుకునేవాడు. మా కాపురంలో ఉన్న తగువల్లా అదే. అలాంటి తగువుతో ముసలివాళ్ళయిపోయిన మొగుడూపెళ్ళాలు ఈ దేశంలో కోట్లమంది ఉంటారు.

అది రెండువేల ఎనిమిదో సంవత్సరం. మా వీధి చివర నాగేంద్ర నెట్ సెంటర్ పెట్టాడు. లక్ష్మీకాంత్ ఆఫీసు నుంచి వస్తూ అక్కడ ఆగడం మొదలైంది. పెళ్ళాలతో వేగలేని మగవాళ్ళు, మొగుళ్ళతో వేగలేని ఆడవాళ్ళు కష్టసుఖాలు రాసుకునే ఇంగ్లీషు సైటు ఒకటి దొరికిందట. అందులో ఎవరికీ అసలు పేరు ఉండదు. ఒకడు ఒంటరి తోడేలునంటాడు, ఒకతె బతికి బయటపడ్డదాన్నంటుంది. మా ఆయనా ఏదో పేరు పెట్టుకుని నా గురించి రాశాడు. నేను కంచం విసిరానని, బావిలో దూకుతానని బెదిరిస్తానని, గంట గడవకముందే పాటలు పాడుతూ పాపకు జడ వేస్తానని. ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా అది చదివితే నాకే నా మీద భయమేస్తుంది.

మా అమ్మ పోయినప్పటి సంగతి కూడా రాశాడు. వాళ్ళందరినీ నిలువునా అదరగొట్టింది అదేనట.

మా వైపు ఏడుపుకు ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంటికి దగ్గరివాళ్ళు వస్తే, ఇంటి ఆడకూతురు గడప దగ్గరికి ఎదురుపోయి, వాళ్ళ మెడ కౌగిలించుకుని, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తూ మాటలు కట్టి ఏడవాలి. చెప్పుకోవాల్సినదంతా చెప్పుకున్నాక కళ్ళు తుడుచుకుని, 'కాఫీ తాగుతావా వదినా, బస్సు దొరికిందా' అని అడగాలి. మళ్ళీ ఇంకొకరు వస్తే మళ్ళీ ఏడవాలి. ఆ రోజంతా నేను అలాగే ఏడ్చాను, అలాగే కాఫీలు ఇచ్చాను. రెండూ నిజమే. ఏడ్చినప్పుడు కడుపు తరుక్కుపోయింది, వచ్చినవాళ్ళ ఆకలి కూడా కంటికి కనపడింది. లక్ష్మీకాంత్ పెనుకొండలో పుట్టినవాడే, చిన్నప్పటి నుంచి ఇవన్నీ చూసినవాడే. కానీ ఇంగ్లీషులోకి మార్చి రాసుకున్నాక అతనికే అది వింతగా కనపడింది. 'అపరిచితుల మెడ మీద పడి అరుస్తుంది, నిమిషంలో ఆపేసి కాఫీ పెడుతుంది' అని రాస్తే ఏ ఊరివాడైనా ఏమనుకుంటాడు? కొళాయి తిప్పినట్టు ఏడ్చే మనిషి మంచిది కాదన్నారట. వాదించవద్దు, ఎదురు చెప్పవద్దు, పాపను మాత్రం ఆమెతో ఒంటరిగా వదలవద్దు అన్నారట.

పప్పు చిమ్మిన మర్నాడు నేను రేషన్ షాపుకు పోయి వచ్చేసరికి మా ఈశ్వరి ఇంట్లో లేదు. అయిదేళ్ళ పిల్ల. దాని బట్టలు, పలక, చిన్న దువ్వెన కూడా లేవు.

"పెనుకొండలో మా అక్క దగ్గర వదిలిపెట్టినా" అన్నాడు లక్ష్మీకాంత్. "కొన్నాళ్ళే. నువ్వు స్టేబుల్ అయ్యేదాకా."

నేను కట్టుకున్న చీరతోనే బస్సు ఎక్కాను. మా ఆడబిడ్డ సావిత్రమ్మ గ్రిల్ గేటుకు తాళం వేసి, లోపలి నుంచే మాట్లాడింది.

"తమ్ముడు వొద్దన్నాడు భారతీ. నేనేం జేసేది? నువ్వు బాగైనాంక తీస్కపో."

"నాకేమైండాది వదినా బాగయ్యేకి? నా బిడ్డను నాకియ్యి!"

గేటు పట్టుకుని ఊపాను. అరిచాను. వీధి వీధంతా బయటికి వచ్చింది. కిటికీ వెనక ఈశ్వరి ముఖం కనపడి మాయమైంది. లోపల మంచంలో మా అత్త ఆదిలక్ష్మమ్మ ఉంది. ఏడేళ్ళు మా దగ్గరే ఉండి, పక్షవాతం వచ్చి ఒక చేయీ కాలూ పడిపోయాక కూతురి దగ్గరికి చేరిన మనిషి. ఆమె మాత్రం వంకర పోయిన నోటితో అరుస్తూనే ఉంది, "దాని బిడ్డను దానికియ్యే సావిత్రీ, పాపం తగుల్తాదే." మంచం దిగలేని మనిషి మాట ఎవరు వింటారు? సాయంత్రం లక్ష్మీకాంత్ వచ్చి, వీధిలో జుట్టు విరబోసుకుని కూర్చున్న నన్ను చూశాడు. ఆ రోజు సంగతి కూడా ఆ సైటులో రాశాడని తర్వాత తెలిసింది.

అక్కడి నుంచి ధర్మవరం పోయాను. మా నాయన మగ్గం గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకుని, అంతా విన్నాడు.

"ఏం జబ్బు తల్లీ? నరాలదా?"

"గుణంలో జబ్బంట నాయనా."

"ఎవురు జెప్పినారు?"

"కంప్యూటర్లో మనుషులుంటారు. వాళ్ళు."

"వాళ్ళు నిన్ను సూసినారా?"

"ల్యా."

"మరి ఎట్ల జెప్పిరి?" మా నాయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, పంచాయితీ పెడదాం. నీకు జబ్బని అన్నోళ్ళను వచ్చి కూర్చోమను. పదిమందిలో అడుగుదాం."

మా వీధిలో అదే న్యాయం. నింద వేసినవాడు వచ్చి, నింద పడ్డవాడి ఎదురుగా కూర్చుని, ఆ మాట మళ్ళీ అనాలి. మనిషి కళ్ళలోకి చూసి అనలేకపోతే ఆ నింద చెల్లదు. మా నాయనకు నేనెట్లా చెప్పను, వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారో, ఆడో మగో కూడా తెలియదని? కూర్చోబెట్టడానికి వాళ్ళకు ముఖాలే లేవని? పంచాయితీ పెడితే అటు కూర్చునేది లక్ష్మీకాంత్ ఒక్కడే. అతను మంచివాడు, తాగడు, కొట్టడు. ఓపికగా, మెల్లగా మాట్లాడతాడు. పక్కన నేను కూర్చుని అరుస్తాను. పదిమందీ ఎవరిని నమ్ముతారో నాకు తెలుసు.

"పెద్దాసుపత్రికి పోదాం పా" అన్నాను లక్ష్మీకాంత్‌తో, హిందూపురం తిరిగొచ్చాక. "అనంతపురమో బెంగళూరో, నీ ఇష్టం. పిచ్చి డాక్టరే చూడనీ. ఆయన జబ్బుండాదంటే ఒప్పుకుంటా."

అతను జాలిగా చూశాడు. "డాక్టర్ల ముందర ఇట్లాంటి వాళ్ళు చాలా నార్మల్‌గా యాక్ట్ చేస్తారంట. చాలామంది డాక్టర్లే మోసపోయినారని రాసినారు."

అరిస్తే జబ్బు. అరవకపోతే నటన. నాకు ఆ క్షణంలో గోడకు తల బాదుకోవాలనిపించింది, కానీ అదీ వాళ్ళ లెక్కలో ఎక్కడో ఉండే ఉంటుందని ఊరుకున్నాను. మనిషికి కోపం వస్తే ఒక దారి ఉంటుంది, ఏడుపు వస్తే ఒక దారి ఉంటుంది. నాకు అన్ని దారులకూ ఎవరో ముందే కంప కొట్టేశారు.

చివరికి నాగేంద్ర నెట్ సెంటర్‌కే పోయాను. నాకు ఇంటర్ ఇంగ్లీషు తప్ప రాదు. అతను టైపు కొట్టి పెడతానన్నాడు. లక్ష్మీకాంత్ ఆ సైటు పేరు దాచలేదు, 'కావాలంటే చదువుకో, నీకే మంచిది' అన్నాడు మరి.

"ఏం రాయల్ల అక్కా?"

"రాయప్పా. నా పేరు భారతి. ఈ పెద్దమనిషి పెండ్లాన్ని నేనే. నాకు ఏ జబ్బూ ల్యా. మా అమ్మ సచ్చిపోతే ఏడ్సినా. మా కడ అందరూ ఇట్లనే ఏడుస్తారు. మీకూ బిడ్డలుంటారు. నా బిడ్డను నాకియ్యమని ఆయప్పకు చెప్పండి. మీరు చెప్తే ఇంటాడు."

అడుక్కున్నాను. ముఖం తెలియనివాళ్ళను, పేరు తెలియనివాళ్ళను, నన్ను ఇంత చేసినవాళ్ళనే అడుక్కున్నాను. బిడ్డ కోసమైతే మనిషి ఎంతకైనా దిగుతుంది.

మరునాడు పోతే నాగేంద్ర నా వైపు చూడకుండా కుర్చీ జరిపాడు. "చదవమంటావా అక్కా?"

"చదువు."

"'ఇక్కడికి కూడా వచ్చేసింది చూడండి, వీళ్ళు వదలరు' అని ఒకరు. 'తల్లి చావును కూడా తన కథ చేసుకుంటోంది, గమనించారా' అని ఒకరు. 'బ్రదర్, పాస్‌వర్డ్ మార్చుకో' అని ఇంకొకరు." అతను మౌస్ ఇంకాస్త కిందికి జరిపాడు. "ఒకామె మాత్రం 'ఆమె చెప్పేది కూడా ఒకసారి వినండి' అని రాసిందక్కా. ఆమెను అందరూ కలిసి తిట్టినారు."

"మా ఆయన ఏమన్నా రాసినాడా?"

"'సారీ' అని రాసినాడు. వాళ్ళకు."

ఇంటికి ఎలా నడిచి వచ్చానో గుర్తు లేదు. ఆ పూట లక్ష్మీకాంత్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కాఫీ కలిపి ఇచ్చి, ఒక మాట చెప్పాడు. ఉగాది దాకా చూస్తాడట. అరవకుండా, ఏడవకుండా, ఏదీ విసరకుండా ఉగాది దాకా ఉంటే పాపను ఇంటికి తీసుకొస్తాడట. ఒక్కసారి తప్పినా మళ్ళీ మొదటికే.

"ఒట్టు వేయి" అన్నాను.

"నామీద నీకు నమ్మకం లేకపోవడం కూడా..." అని, ఆగిపోయాడు. తర్వాత ఈశ్వరి మీద ఒట్టు వేశాడు.

నేను మారాను. మీకు తెలుసో లేదో, మనిషి మారడం అంత కష్టమేం కాదు, లోపల ఉన్నదంతా చంపుకుంటే సరి. పాలు పొంగితే పొంగాయి. పక్కింటావిడ చెత్త మా గుమ్మంలో ఊడిస్తే నేనే ఎత్తిపోశాను. తలుపు మెల్లగా వేయడం నేర్చుకున్నాను. పాటలు మానేశాను, ఎందుకంటే పాట తర్వాత ఏమొస్తుందో అని అతను చూస్తుంటాడు. లక్ష్మీకాంత్ సంతోషించాడు. 'చాలా ఇంప్రూవ్‌మెంట్ ఉంది' అన్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. నా సంగతి అంతకన్నా అన్యాయం. లేని పిచ్చి కుదిరినందుకు నేను నిజంగానే పిచ్చిదాన్నవుతున్నాను.

ఆదివారాల్లో పెనుకొండ తీసుకుపోయేవాడు. సావిత్రమ్మ పక్కనే కూర్చునేది. ఈశ్వరి నా ఒళ్ళో కూర్చునేది కాదు, ఎదురుగా చాప మీద కూర్చునేది. 'బాగుండావా' అంటే 'బాగుండా' అనేది. నేను నవ్వేదాన్ని, అదీ నవ్వేది. పిల్లకు నేను కొత్తయ్యానేమో అనుకుని బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. బస్సులో కూడా ఏడవలేదు. మా అత్త మంచంలోంచి పనిచేసే ఒక్క చేయి చాపి, నా వేళ్ళు పట్టుకుని వదిలేది కాదు. "ఏమే, ఎండి పోతాండావే" అనేది. ఆమె ఒక్కతే కనిపెట్టింది.

ఉగాది ఇంక వారం ఉందనగా ఆమె పోయింది.

ఫోను వచ్చినప్పుడు లక్ష్మీకాంత్ కుర్చీలో కూలబడ్డాడు. చప్పుడు లేకుండా, చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. నేను అతని భుజం మీద చేయి వేశాను. ఆ క్షణంలో అతని మీద నాకు కోపం లేదు, తల్లి పోయిన కొడుకు కదా. కళ్ళు తుడుచుకుని లేచాక మాత్రం అతను నా వైపు తిరిగి అన్న మొదటి మాట ఇది.

"భారతీ, అక్కడ అందరూ ఉంటారు. కంట్రోల్‌లో ఉండు. ఇంకా వారమే."

దారి పొడుగునా నా పళ్ళు బిగుసుకునే ఉన్నాయి. ఇల్లు చేరేసరికి వసారా నిండా ఆడవాళ్ళు. కోడలు వచ్చిందని దారి ఇచ్చారు. సావిత్రమ్మ రెండు చేతులూ చాపి నా మెడ మీద పడి, "ఓ భారతీ, మా యమ్మ పాయనే" అని ఏడుపు ఎత్తుకుంది. పద్ధతి ప్రకారం నేనూ ఎత్తుకోవాలి. నేను కొయ్యలా నిలబడ్డాను. ఆమె ఏడుపు ఒంటరిగా సాగి, ఆగిపోయింది. ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "అత్త సచ్చిపోతే సుక్క నీళ్ళు రాలేదు సూడు" అని ఒక గొంతు. "రాయి గదమ్మా" అని ఇంకొకటి. గుమ్మం దగ్గర లక్ష్మీకాంత్ నన్నే చూస్తున్నాడు, బాగుంది, అట్లనే ఉండు అన్నట్టు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నా బిడ్డ.

ఈశ్వరి శవం తల దగ్గర కూర్చుని ఉంది. వాళ్ళ అవ్వంటే దానికి ప్రాణం. దానికి కథలు చెప్పిందీ, వంకర నోటితో ముద్దులు పెట్టిందీ ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. పిల్ల ముఖం మాత్రం తుడిచిన పలకలా ఉంది. రెండు పిడికిళ్ళూ బిగించుకుని, కింది పెదవిని పళ్ళతో పట్టుకుని ఉంది. నేను పక్కన కూర్చోగానే చెవిలో గుసగుసలాడింది.

"నేను ఏడ్సలేదమ్మా."

"ఏం తల్లీ?"

"ఏడిస్తే నీ జబ్బు నాకూ వస్తాదంట. ఏడ్సకుండా ఉంటే నాయన ఇంటికి తీస్కపోతాడంట. సావిత్రత్త సెప్పింది. నేను ఇన్ని దినాలూ ఒక్కసారి గూడా ఏడ్సలేదు. కింద పడినప్పుడు గూడా."

పిడికిలి విప్పి చూశాను. అరచేతిలో గోళ్ళు దిగిన గుర్తులు. పాతవి, కొత్తవి.

నాకు ఒట్టు గుర్తు లేదు, ఉగాది గుర్తు లేదు. దాన్ని లాగి ఒళ్ళో వేసుకుని, శవం మీదికి వంగి, గొంతెత్తాను. ఇన్ని నెలలు మింగినదంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"ఓ అత్తా... లేయ్ అత్తా... నీ కోడలొచ్చిండాది సూడత్తా...

నా బిడ్డను నాకియ్యమని మంచంలోంచి అరిస్తివి గదత్తా... ఒక్కరన్నా నీ మాట ఇనకపాయిరి గదత్తా...

నీ కొడుకు నాకు పిచ్చని పేరు పెట్టించెనత్తా... పెట్టినోళ్ళకు మొగం లేదత్తా, ఊరు లేదత్తా... పంచాయితీకి పిలుద్దామంటే వాళ్ళు యాడుండారో తెల్దత్తా...

వాళ్ళు నన్ను సూడలేదత్తా, నువ్వు సూసినావు... ఏడేండ్లు నా చేతి కూడు తిన్నావు, నీ తల నేను దువ్వినా... నాకు పిచ్చుండాదా అత్తా, పదిమందిలో ఒక్క మాట జెప్పి పోరాదా అత్తా...

అయిదేండ్ల పిల్ల గోళ్ళు గుచ్చుకోని ఏడుపు ఆపుకుంటాండాది, లేసి సూడత్తా..."

శవం ముందు ఏడుపులో అనే మాటకు ఎవరూ అడ్డు చెప్పకూడదు. బతికుండగా అనలేనివి అనుకోవడానికే ఆ ఏడుపు. అత్తను తిట్టుకున్న కోడళ్ళున్నారు, అన్నదమ్ముల మోసాలు బయటపెట్టిన ఆడబిడ్డలున్నారు, మగవాళ్ళు తల వంచుకుని వినాల్సిందే. లక్ష్మీకాంత్ విన్నాడు. సావిత్రమ్మ విన్నది. ఇందాక నన్ను రాయి అన్న ఆవిడే వచ్చి నా వీపు మీద చేయి వేసి తానూ ఎత్తుకుంది. ఆ ఏడుపుల మధ్యలో ఈశ్వరి ఒళ్ళు ఒక్కసారి వణికి, నోరు తెరుచుకుంది. ముందు శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది చూడండి, కడుపులోంచి వచ్చింది. "అవ్వా" అని.

లక్ష్మీకాంత్ దగ్గరికి వచ్చి చేతులు చాపాడు. "పాపను ఇటియ్యి భారతీ. నువ్వు కంట్రోల్ తప్పినావు. దాన్ని కూడా..."

నేను ఇవ్వలేదు. అతను పిల్ల చంక కింద చేయి పెట్టాడు. అప్పుడు మా అత్త తమ్ముడు పుల్లయ్య మామ, అంతవరకు మూలన తుండుగుడ్డతో కళ్ళొత్తుకుంటున్నవాడు, లేచి వచ్చాడు.

"శవం లేసేదాకా పిల్లను తల్లి వొళ్ళోంచి తీయగూడదప్పా. తీస్తే పోయినోళ్ళకు మంచిది గాదు."

అలాంటి శాస్త్రం ఎక్కడుందో నాకు తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను. కానీ అంతమందిలో మేనమామ మాట కాదనే ధైర్యం లక్ష్మీకాంత్‌కు లేకపోయింది.

తర్వాత నేను ముక్కు చీదుకుని, లేచి, పాడె కట్టేవాళ్ళకు తాగడానికి నీళ్ళు ఇచ్చాను. శవానికి నీళ్ళు పోయడానికి కొత్త చెంబు ఎక్కడుందో వెతికాను. పిల్ల నా చంకలోనే ఉంది. లక్ష్మీకాంత్ అది కూడా చూశాడు. అరవడం, ఆ వెంటనే చెంబు వెతకడం. అతని కళ్ళలో ఆ వాక్యాలు తయారవుతుండడం నాకు కనపడుతూనే ఉంది. ఉగాది ఇంక రాదని అర్థమైంది. శవం లేచేదాకే నాకు గడువు.

శవం లేచింది. నిప్పుకుండ పట్టుకునేది కొడుకే. తెల్లపంచె కట్టుకుని లక్ష్మీకాంత్ అందరికన్నా ముందు నడిచాడు. నిప్పు పట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. కర్మలు ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. వీధి మలుపు దాకా ఆడవాళ్ళం వెంట పోయాం. అక్కడి నుంచి మేము వెనక్కి తిరగాలి, స్నానాలు చేయాలి, ఇల్లు కడగాలి. సావిత్రమ్మను నలుగురు పట్టుకుని నడిపిస్తున్నారు.

నేను తిరగలేదు. అతని వీపు చూస్తూ నిలబడ్డాను. తిరిగి చూడు, ఒక్కసారి నా ముఖం చూసి, నువ్వే చెప్పు నాకేముందో, అని లోపల అరిచాను. అతను తిరగలేదు. తిరగకూడదు. బస్టాండు ఎడమ చేతి వైపు ఉంది. పిల్లను చంకనేసుకుని అటు నడిచాను. నా వీపు మీద చేయి వేసిన ఆవిడ చూసింది. చూసి, "నీళ్ళు కాగినాయేమో సూడండమ్మా" అంటూ మిగతావాళ్ళను ఇంటి వైపు తోలుకుపోయింది.

అత్త చచ్చిన పూట, స్నానం కూడా చేయకుండా, మైలతో ఇల్లు వదిలిపోయిన కోడలిని పెనుకొండలో ఎవరూ చూసి ఉండరు. ఇక నాకు ఊరు కూడా కొత్త పేరు పెడుతుంది. దినాలు ముగియగానే లక్ష్మీకాంత్ నెట్ సెంటర్‌లో కూర్చుని రాస్తాడు. అంత్యక్రియల రోజున పాపను ఎత్తుకుపోయింది అని. మేము ముందే చెప్పలేదా అని వాళ్ళు అంటారు. పోలీసులు వస్తారో, లాయరు వస్తాడో నాకు తెలియదు. మా నాయన నన్ను ఉండనిస్తాడో, కోపం తగ్గించుకో తల్లీ అని మళ్ళీ పంపిస్తాడో అదీ తెలియదు. చేతిలో బిడ్డ తప్ప నా దగ్గర ఏమీ లేదు.

ధర్మవరం బస్సు కదిలాక ఈశ్వరి మళ్ళీ మొదలుపెట్టింది. ఆగడం లేదు. ఇన్నాళ్ళ దెబ్బలన్నిటికీ కలిపి ఏడుస్తోంది. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూస్తున్నారు. అలవాటు కొద్దీ నా చేయి దాని నోటి మీదికి పోయింది. ష్ష్, అన్నాను. అందరూ చూస్తున్నారు, అన్నాను. అని, నా చేతిని నేనే చూసుకుని భయపడ్డాను.

కండక్టరు టిక్కెట్లు కొడుతూ మా దగ్గరికి వచ్చాడు. నెరిసిన మీసాలు, చెవి మీద పెన్ను. నా విరబోసిన జుట్టును, పిల్లను మార్చి మార్చి చూశాడు.

"ఏమ్మా, పాప అంత ఏడుస్తాండాది? ఏమైంది?"

"వాళ్ళ అవ్వ సచ్చిపాయనప్పా. ఈ పొద్దే."

"అయ్యో" అన్నాడు అతను. నా చేతిని పిల్ల నోటి మీద నుంచి మెల్లగా పక్కకు తీశాడు. "మరి ఏడ్సనీమ్మా. ఏడ్సల్ల గదా."